చదివింపుల కారు

శనివారం పొద్దున్న సుచిత్ర వేసుకున్న ప్లాను చాలా చిన్నది. బందరు నుంచి గుడివాడ వెళ్లి, కళ్యాణ్ షెడ్డులో తన ఎర్ర కారుకి కొత్త టైర్లు, మంచి బ్రేక్ ప్యాడ్లు వేయించుకుని, అన్నం వేళకి ఇంటికి వచ్చేయడం. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మనిషి కాబట్టి ఆ ప్లానులో గాలి కబుర్లేమీ లేవు. ఇంట్లో దైవాధీనం గారనే తండ్రి ఉన్నారన్న సంగతి ఒక్కటే అందులో లెక్కకి రాలేదు.

దైవాధీనం గారు ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయ్యారు. జీవితమంతా స్టీరింగ్ పట్టుకున్నారు గానీ సొంతానికి ఒక కారు లేదు. అలాంటిది కూతురు తన జీతంతో కారు కొనుక్కుంది. అదీ మామూలు కారు కాదు, స్పోర్ట్ మోడల్. ఆ రోజు నుంచి ఆయన డిపో ఎదురుగా ఉన్న టీ కొట్టుకి ఒక్క పూట కూడా మానకుండా వెళ్తున్నారు. నిజానికి ఆయనకి టీ పడదు.

అసలు ఈ టైర్ల గొడవంతా ఒక పోటీ వల్ల మొదలైంది. గుడివాడ శివార్లలో కొందరు కార్ల పిచ్చివాళ్లు క్లబ్బు పెట్టుకుని, ఖాళీ మైదానంలో ప్లాస్టిక్ కోన్లు నిలబెట్టి, వాటి మధ్య నుంచి కార్లని ఒక్కొక్కటిగా వదులుతారు. కోన్లు తగలకుండా ఎవరు తొందరగా తిరిగొస్తే వాళ్లదే గెలుపు. సుచిత్ర పేరు ఇద్దామని ఫోన్ చేస్తే అవతలి పెద్దమనిషి, "డ్రైవర్ పేరు చెప్పండి మేడమ్" అన్నాడు.

"సుచిత్ర."

"అది మీ పేరు కదండీ. నడిపేవాళ్ల పేరు?"

"నడిపేది కూడా సుచిత్రేనండీ."

"ఓహో! పోన్లెండి మేడమ్, పాల్గొనడమే ముఖ్యం" అన్నాడు అవతలి మనిషి.

ఫోన్ స్పీకర్‌లో ఉంది. పక్కనే పేపరు చదువుతున్న దైవాధీనం గారు పేపరు మడిచేశారు. ఆ 'పోన్లెండి' సుచిత్రకి ఎంత మండిందో ఆయనకి అంతకు రెండింతలు మండింది. ఆ మైదానంలో మైకులోంచి 'డ్రైవర్ సుచిత్ర' అన్న మాట వినాలని ఆ క్షణమే ఇద్దరూ అనుకున్నారు. దానికి దారి ఏమిటన్న దగ్గరే తేడా వచ్చింది.

గుడివాడలో కళ్యాణ్ ఆమెని చూడగానే తన సరుకంతా బల్ల మీద పరిచాడు.

"మేడమ్, ఫస్ట్ అప్‌గ్రేడ్ అంటే ఎగ్జాస్టేనండీ! ఈ సైలెన్సర్ వేశామంటే పామర్రులో స్టార్ట్ చేస్తే గుడివాడలో వినపడాలి."

"వినపడితే టైము తగ్గుతుందా?"

"టైము సంగతి కాదండీ, గౌరవం!"

"ఇంకేం ఉన్నాయి?"

"స్ప్రింగులు మార్చి బండిని కిందకి దించుదామండీ. నేలకి అతుక్కుపోయినట్టు ఉంటది."

"మన స్పీడ్ బ్రేకర్ల మీద నిజంగానే అతుక్కుపోతుంది. వద్దు."

"పోనీ కంప్యూటర్ పెట్టి ఇంజన్ పవర్ పెంచుదామండీ."

"ఉన్న పవర్‌నే రోడ్డు మీద పెట్టలేకపోతుంటే పెంచి ఏం చేసుకోను కళ్యాణ్ గారూ? ముందు బండి రోడ్డుని పట్టుకోవాలి, ఆపమన్న చోట ఆగాలి. టైర్లు, బ్రేక్ ప్యాడ్లు. అంతే."

కళ్యాణ్ మొహం వాడిపోయింది. "వేస్తానండీ. కానీ ఇవి మారిస్తే ఎవరికీ తెలీదండీ" అన్నాడు, చచ్చిపోయిన చుట్టం గురించి చెప్తున్నట్టు.

తిరుగు దారిలో ఎవరూ లేని చోటు చూసి సుచిత్ర ఒకసారి గట్టిగా బ్రేకు తొక్కింది. కారు అంగుళం అటూ ఇటూ పోకుండా, గీత గీసినట్టు ఆగింది. ఒక్కతే కారులో కూర్చుని పకపకా నవ్వుకుంది. ఆ క్షణంలో కృష్ణా జిల్లా మొత్తంలో ఆమెకన్నా గర్వంగా ఉన్న మనిషి ఇంకొకరు లేరు.

ఇంటికి రాగానే దైవాధీనం గారు కారు చుట్టూ తిరిగారు. వంగి చూశారు. అద్దం తుడిచి చూశారు.

"ఏదమ్మా, ఏం మార్చావు?"

"ఇవే నాన్నా, టైర్లు."

"టైర్లు ముందే ఉన్నాయి కదే! అవి లేకుండానా షోరూమ్ వాడు ఇచ్చింది?"

"బ్రేకులు కూడా మార్చానుగా."

"ఏవీ?"

"లోపలుంటాయి నాన్నా."

ఆయన గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు తిరిగారు. "లోపలుంటాయట, లీలావతీ!"

"పెళ్లికి వెళ్తూ లోపలి లంగా ఒక్కటే కొత్తది కట్టుకున్నట్టుందే" అంది లీలావతి గారు.

ఆ మాటతో దైవాధీనం గారికి పట్టుదల వచ్చేసింది. "నలుగురి కంటికీ ఆననిది అదేం మార్పే! కారుని చూడగానే ఆ పోన్లెండి గాడు లేచి నిలబడాలి. ముందు కృతజ్ఞతా ప్రార్థన పెట్టుకుందాం. కొత్త బండికి ప్రార్థన లేకుండా పోటీకి ఎలా వెళ్తావు?"

ప్రార్థనకి కాదనడం ఆ ఇంట్లో లేదు. చర్చి అయ్యగారు వస్తారు, ఒక పాట, ఒక ప్రార్థన, టీ, బిస్కట్లు, అంతే కదా అనుకుని సుచిత్ర సరేనంది. తండ్రి షామియానా, కుర్చీలు, మైకుసెట్టు చెప్పారని ఆమెకి తెలిసేసరికి షామియానా కర్రలు దిగిపోయాయి. పిలిచిన ప్రతివాళ్లకీ ఆయన ఫోన్లో ఒకటే మాట చెప్పారు: "గోడ గడియారాలు మాత్రం తేకండి బాబూ! మా ఇంట్లో గోడలకన్నా అవే ఎక్కువున్నాయి. ఇచ్చేదేదో అమ్మాయి కారుకి పనికొచ్చేది ఇవ్వండి."

అయ్యగారు కారు బానెట్ మీద చెయ్యి వేసి, "ప్రభువా, ఈ వాహనానికి ముందూ వెనకా తోడుగా ఉండుము" అని ప్రార్థించారు. అది కాసేపటికే నెరవేరింది. సంఘ కార్యదర్శి హనోకు గారు మైకు అందుకుని చదివింపులు మొదలుపెట్టారు. చుట్టుపక్కల ఏ పెళ్లయినా చదివింపులు ఆయన గొంతులోంచే రావాలి. స్టీలు గిన్నె అయినా సరే, ఆయన చదివితే వెండి గిన్నె మోగినట్టుంటుంది.

"బందరు డిపో రిటైర్డ్ డ్రైవర్ల తరపున, కారు ముందు భాగానికి ఇనుప గార్డు బారూ!"

నలుగురు పెద్దమనుషులు దాన్ని మోసుకొచ్చారు. పాత అలవాటు కొద్దీ బస్సు కొలతలకి చేయించారు.

"స్త్రీల సమాజం తరపున, సీట్లకి మెరూన్ వెల్వెట్ కవర్లూ, జరీ కుచ్చులతో!"

"గుడివాడ కళ్యాణ్ గారి తరపున, సైలెన్సరూ!" సుచిత్ర వద్దన్న సైలెన్సరే, రంగు కాగితం చుట్టుకుని వచ్చింది. దాని పక్కన నిలబడి కళ్యాణ్ సిగ్గుపడుతూ నవ్వాడు.

"హంసలదీవి నుంచి నాంచారయ్య గారి తరపున, వెనక రెక్కా!"

నాంచారయ్య చేపల వ్యాపారి. దైవాధీనం గారు అటువైపు బస్సు నడిపిన రోజుల నుంచి ఇద్దరూ బావా అంటే బావా అనుకునేవాళ్లు. రేసు కార్లకి వెనక రెక్క ఉంటుందని ఎవరో చెబితే, ఫైబర్ పడవలు చేసే షెడ్డుకి వెళ్లి ప్రత్యేకంగా చేయించాడు. సముద్రంలో తుఫాను వచ్చినా విరగదు. నీలం రంగు, పసుపు చార, మధ్యలో పెద్దక్షరాలతో 'గంగాదేవి'. అయ్యగారు ఆ పేరు చదివి కళ్లజోడు సర్దుకున్నారు.

"మా ఆవిడ పేరండీ" అన్నాడు నాంచారయ్య వినయంగా. "పడవక్కూడా ఆవిడ పేరేనండి. కలిసొచ్చింది."

ఆ రాత్రి సుచిత్ర తండ్రి దగ్గర కూర్చుంది. "నాన్నా, వీటి బరువుకి కారు కదలదు. అన్నీ పెరట్లో దాచి పెట్టేద్దాం."

"మైకులో చదివారమ్మా!" అన్నారు ఆయన నొచ్చుకుంటూ. "పదిమందీ విన్నారు. చదివిన కానుక పోటీ నాడు కారు మీద కనపడకపోతే ఇచ్చినవాడి పరువేం కావాలి? నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? వాళ్లంతా పోటీకి వస్తున్నారు, వాళ్ల వస్తువు చూసుకోడానికి."

సుచిత్రకి తన కారు కావాలి, తండ్రి తలెత్తుకుని తిరగడమూ కావాలి. రెండూ ఒకే గుమ్మంలోంచి పట్టేలా లేవు.

మొదట రెక్క బిగించారు. దాని బరువుకి వెనక భాగం కుంగి ముక్కు పైకి లేచింది. రాత్రి లైటు వేస్తే రోడ్డు బదులు కొబ్బరి చెట్ల తలలు కనపడుతున్నాయి. "ముందు బరువు పెడితే సరిపోద్ది" అని డ్రైవర్లు తీర్మానించి బారు బిగించారు. ముక్కు దిగింది, దిగడంతో ఆగక ప్రతి స్పీడ్ బ్రేకర్‌నీ గీరడం మొదలుపెట్టింది. రెండు బరువులూ లాగలేక ఇంజన్ రొప్పుతుంటే, "ఊపిరాడట్లేదండీ దానికి" అని కళ్యాణ్ సైలెన్సర్ మార్చేశాడు. దాంతో వేగం ఏమీ పెరగలేదు, చప్పుడు మాత్రం పెరిగింది. ఆదివారం చర్చి బయట పక్కకి తీద్దామని స్టార్ట్ చేస్తే, లోపల అయ్యగారు ప్రసంగం ఆపి, అందరినీ నిలబడమని, మధ్యలోనే ముగింపు ఆశీర్వాదం చెప్పేశారు. పిల్లలందరూ సుచిత్రకి థాంక్స్ చెప్పారు.

ఇక వెల్వెట్ కవర్ల సంగతి. అవి ఎంత నున్నగా ఉన్నాయంటే, మలుపు తిరిగినప్పుడల్లా సుచిత్ర పక్క సీటు దాకా జారి, స్టీరింగ్ పట్టుకుని వెనక్కి రావాల్సి వచ్చేది.

పోటీ రోజు వచ్చింది. డిసెంబరు నెల, కోతలు అయిపోయిన రోజులు. సుచిత్ర పెడన మీదుగా వెళ్దామంది. దైవాధీనం గారు ఒప్పుకోలేదు.

"పామర్రు మీదుగా పద. సెంటర్లో నలుగురూ చూస్తారు."

పామర్రు సెంటర్లో నలుగురేం ఖర్మ, నలభై మంది చూశారు. దైవాధీనం గారు కిటికీలోంచి చెయ్యి ఊపుతూ కూర్చున్నారు. వెనక నాంచారయ్య చేపల వ్యానులో డిపో డ్రైవర్లు, లీలావతి గారితో స్త్రీల సమాజం, హనోకు గారు, కళ్యాణ్ బయల్దేరారు. సైలెన్సర్ చప్పుడు భరించలేక ఆ వ్యాను చాలా దూరంగా వస్తోంది. ఆ సైలెన్సర్ చేసిన మేలు అదొక్కటే.

గుడివాడ రోడ్డెక్కాక సగం రోడ్డు ధాన్యానిదే. ఆ రోజుల్లో అటు వెళ్లే వాళ్లకి అది కొత్త కాదు. తారు రోడ్డు మీద ఆరబోస్తే తేమ తొందరగా పోతుందని రైతులు ఒక పక్కంతా వడ్లు పరిచి, అంచుల్లో రాళ్లు పెడతారు. వాహనాలు మిగిలిన పక్కనుంచి సర్దుకుని పోతాయి. ఒక చోట లక్ష్మయ్య అనే రైతు, చెవిలో ఫోను, చేతిలో చెక్క, రోడ్డుకి వీపు పెట్టి వడ్లు రాశిగా లాగుతున్నాడు. అవతలి వాళ్లతో మాట్లాడుతూ మాట్లాడుతూ, వెనక మోతని ఏ నూర్పిడి మిషనో అనుకుని, వెనక్కి నడిచి నడిచి సరిగ్గా కారు దారిలోకి వచ్చేశాడు.

"అమ్మాయ్!" అని అరిచారు దైవాధీనం గారు. ఆయన కుడికాలు తన ముందు లేని బ్రేకుని తొక్కేసింది.

సుచిత్ర కాలు ఉన్న బ్రేకుని తొక్కింది. ఆ బరువుతో, ఆ వేగంతో, కారు గీత గీసినట్టు ఆగింది. కారు ఆగింది గానీ బారు ఆగలేదు. బోల్టులు తెంచుకుని ముందుకి దూకి, లక్ష్మయ్య పక్కనుంచి వెళ్లి, అతని చేతిలో చెక్కతో సహా ధాన్యం రాశిలో తల దూర్చింది. వెనక రెక్క కూడా ముందుకి ఒరిగి కారు నెత్తి మీద పడుకుంది.

లక్ష్మయ్య వెనక్కి తిరిగి చూశాడు. కారు ముక్కుకీ అతని పంచె అంచుకీ మధ్య ఒక జాన ఖాళీ ఉంది. అతను ఫోన్లో, "మళ్లీ చేస్తాను బావా" అన్నాడు. తర్వాత కాళ్ల వైపు చూసుకున్నాడు. తర్వాత రాశి వైపు చూశాడు. అప్పుడు అరిచాడు.

"ఓరి నాయనో, నా ధాన్యం!"

ఈలోగా వ్యాను వచ్చి ఆగింది. అందరూ దిగారు. లక్ష్మయ్య చేతులు చాపి రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాడు. "రేపు ధాన్యం కాటా వేయాలండీ నాకు! రోడ్డంతా జల్లేశారు! ఒక్క గింజ కూడా మీ బండితో గుడివాడ పోవడానికి వీల్లేదు. నా చెక్క కూడా ఆ ఇనుప మొద్దు కింద విరిగిపోయింది. దేంతో లాగమంటారు ఇప్పుడు?"

బారు గొట్టంలో వడ్లు నిండిపోయాయి. "మా బారు మేమే ఎత్తుతాం, ఇంకెవరూ ముట్టుకోకండి" అని డ్రైవర్లు నలుగురూ పట్టుకుని ఏటవాలుగా లేపితే, కుళాయి తిప్పినట్టు ధాన్యం కారింది. నాంచారయ్య కారెక్కి, "గంగాదేవిని నేనే దింపుతా" అని రెక్క విప్పుకున్నాడు. ఏం చెయ్యాలో తోచక దాన్ని నేలకి ఆనించి ఒక్కసారి వెనక్కి లాగాడు. రోడ్డు అటు చివర నుంచి ఇటు చివరకి, ఒక్క గింజ మిగలకుండా వడ్లు రాశి అయిపోయాయి.

లక్ష్మయ్య నోరు తెరుచుకుని చూశాడు. "ఇదేందండీ ఇది! ఇంకోసారి లాగండి."

నాంచారయ్య ఇంకోసారి లాగాడు. ఈసారి ఛాతీ విరుచుకుని లాగాడు. స్త్రీల సమాజం మాత్రం ఊరుకుంటుందా? లీలావతి గారు వెల్వెట్ కవర్లు ఊడబెరికి పరిచారు, రోడ్డు పక్కకి చెదిరిన గింజలన్నీ వాటిలోకి ఎత్తి మూటలు కట్టారు. పనిలో పడి ఏం విప్పుతున్నారో వాళ్లు చూసుకోలేదు. సుచిత్ర చూసుకుంది. వారం రోజులుగా వాళ్లని నోరు తెరిచి అడగలేకపోయిన సహాయం, ఇచ్చినవాళ్ల చేతులతోనే జరిగిపోతోంది.

దైవాధీనం గారు మాత్రం ఈ హడావుడిలో లేరు. ఆయన కారు ముందు గొంతుక్కూర్చుని టైరు మీద చెయ్యి పెట్టి చూస్తున్నారు.

"నాన్నా, ఏమైంది?"

"జానెడమ్మా" అన్నారు ఆయన. "నా సర్వీసులో ఇలా ఆపిన బండి నేను చూడలేదు." ఆయన కళ్లు నిండిపోయాయి. "పద, టైమవుతోంది. ఆ రెక్కా గిక్కా ఇక్కడే ఉండనీ. మైకులో చదివినవాళ్లకి నేను చెప్పుకుంటాను."

"చెప్పుకోడానికేముంది బావా!" అన్నాడు నాంచారయ్య, ధాన్యం మధ్య నుంచి. "నా రెక్కకి ఇక్కడున్నంత గౌరవం కారు మీద ఎక్కడుంది?"

దారిలో షెడ్డు దగ్గర ఆగినప్పుడు కళ్యాణ్ ఎవరూ చెప్పకుండానే సైలెన్సర్ విప్పి పాతది బిగించాడు.

మైదానంలో సుచిత్ర కారు దిగేసరికి అక్కడ రకరకాల బళ్లున్నాయి. నేలకి దిగినవి, నెత్తి మీద గాలి గొట్టాలున్నవి, నిప్పులు కక్కేవి. వాటి మధ్య ఎర్ర కారు మామూలుగా, పొద్దున్నే స్నానం చేసి వచ్చిన పిల్లలా నిలబడింది. ఫోన్లో మాట్లాడిన పెద్దమనిషే మైకు దగ్గర ఉన్నాడు. కారుని చూసి నవ్వాడు.

తర్వాత నవ్వలేదు. నిప్పులు కక్కే బండి రెండు కోన్లు ఎగరగొట్టింది. నేలకి దిగిన బండి గడ్డి దుబ్బు మీద ఇరుక్కుపోతే జనం వెళ్లి లేపారు. సుచిత్ర ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది, ఎక్కడ తిరగాలో అక్కడ తిరిగింది. ఒక్క కోను కదల్లేదు. కళ్ల ముందు దారి, కాలి కింద బ్రేకు, అంతే. తిరిగి గీత దాటినప్పుడు స్త్రీల సమాజం వేసిన కేకకి పక్క పొలంలో కొంగలు లేచిపోయాయి.

"సెకండ్ ప్లేస్!" అన్నాడు మైకులో పెద్దమనిషి. కాగితం చూసి, మళ్లీ చూసి, గొంతు సవరించుకున్నాడు. "డ్రైవర్... సుచిత్ర!"

దైవాధీనం గారు కళ్లు మూసుకుని ఆ మాట విన్నారు. తర్వాత కళ్లు తెరిచి, "ఇంకోసారి అనండి సార్" అన్నారు. జనం నవ్వారు. పెద్దమనిషి ఇంకోసారి అన్నాడు, ఈసారి తడబడకుండా.

"మేడమ్, కారుకి ఏమేం మార్చారో చెప్తారా?"

"టైర్లు, బ్రేక్ ప్యాడ్లండీ."

"అంతేనా?"

"అంతేనా అంటారేంటండీ!" అంటూ దైవాధీనం గారు వెళ్లి మైకు లాక్కున్నారు. "నేను బస్సు డ్రైవర్నండీ. జన్మంతా నడిపాను. బ్రేకు వేసినప్పుడల్లా వెనకున్నోళ్లు తిట్టారే గానీ ఒక్కరు కూడా చప్పట్లు కొట్టలేదు. ఇవాళ మా అమ్మాయి వేసిన బ్రేకుకి ఒక రైతు తన కాళ్ల మీద తను ఇంటికెళ్లాడు. ఆ బ్రేకుకి కొట్టండి చప్పట్లు!"

మైదానమంతా కొట్టింది. అందరికన్నా గట్టిగా ఆ పెద్దమనిషే, లేచి నిలబడి కొట్టాడు. సుచిత్ర తండ్రి భుజం మీద తల పెట్టి, సిగ్గుపడకుండా ఏడ్చేసింది.

సోమవారం పొద్దున్న సుచిత్ర కాలేజీకి బస్సులో వెళ్లింది. కారు ఇంటి ముందే, నాలుగు చక్రాలూ ఊడదీసి, ఇటుకల మీద నిలబెట్టి ఉంది. బ్రేక్ ప్యాడ్లు లోపలుంటాయి కాబట్టి, డిపో నుంచి వచ్చేవాళ్లకి అలా అయితేనే కనపడతాయని దైవాధీనం గారి అభిప్రాయం.